రెండు రద్దుల నడుమ ఒక వితంతువు: అమితావ్ ఘోష్ ‘సీ ఆఫ్ పాపీస్’

చారిత్రక నవల అనగానే మన విద్యార్థుల మనసులో మెదిలేవి కోటలు, కత్తులు, రాజాస్థానాలు. నోరి నరసింహశాస్త్రిగారి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’, అడివి బాపిరాజుగారి ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ మనకు ఆ అలవాటు చేశాయి. వాటిలోని ప్రణయం గొప్పది, వర్ణన గొప్పది. కాని ఆ రాజ్యాలకు పన్ను కట్టిన రైతు భార్య ఏమనుకున్నదో వాటిలో వెతికితే దొరకదు. ఆ నవలల ఉద్దేశం అది కాదు కనుక తప్పు పట్టనక్కరలేదు. అయితే ఆ అలవాటుతోనే అమితావ్ ఘోష్ 2008లో ఆంగ్లంలో వెలువరించిన ‘సీ ఆఫ్ పాపీస్’ను తెరిచినవారికి మొదటి పుటల్లోనే తడబాటు కలుగుతుంది. గసగసాల సముద్రం అని అర్థం వచ్చే ఈ నవలలో నాయిక గాజీపూరు దగ్గరి పల్లెలో చేను చేసుకునే దీతీ అనే ఇల్లాలు. కాలం 1838. సముద్రం ఎన్నడూ చూడని ఆమెకు గంగ ఒడ్డున పట్టపగలు ఒక పెద్ద తెరచాప ఓడ కళ్ళముందు కనబడుతుంది. కథ అక్కడ మొదలవుతుంది.

ఇది మూడు నవలల వరుసలో మొదటిది. ‘రివర్ ఆఫ్ స్మోక్’ 2011లో, ‘ఫ్లడ్ ఆఫ్ ఫైర్’ 2015లో వచ్చాయి. మూడింటినీ కలిపేది ఐబిస్ అనే ఓడ. రచయితకు 2018 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. ఆంగ్లంలో రాసేవారికి ఆ పురస్కారం రావడం అదే మొదలు.

ఇతివృత్తం క్లుప్తంగా చెప్పుకుందాం. దీతీ భర్త హుకమ్ సింగ్ యుద్ధంలో గాయపడి వచ్చిన సిపాయి. గాజీపూరు నల్లమందు కార్ఖానాలో పని. నల్లమందుకే బానిస. పెళ్ళిరాత్రి అత్తగారే కోడలికి మత్తుపెట్టి మరిదికి అప్పగించిందని, కూతురు కబూత్రీ ఆ మరిదికి పుట్టిందని దీతీ తర్వాత తెలుసుకుంటుంది. అదే నల్లమందును అత్తగారికి కొద్దికొద్దిగా పెట్టి ఆమె నోటినుండే నిజం రాబడుతుంది. భర్త చనిపోయాక మరిది చందన్ సింగ్ ఆమెను లొంగదీసుకోవాలని చూస్తాడు. అతనికి లొంగడం కన్నా చితి ఎక్కడమే మేలనుకుంటుంది. చితి మీద మత్తులో ఉన్న ఆమెను కలువా అనే చమార్ కులపు బండివాడు ఎత్తుకుపోతాడు. ఇద్దరూ గంగవెంట పారిపోయి, కలకత్తాలో గిర్మిట్ మీద వేలిముద్ర వేసి, మారిషస్‌కు కూలీలుగా ఐబిస్ ఎక్కుతారు. గిర్మిట్ అంటే అగ్రిమెంటు అనే మాట పల్లెవాళ్ళ నోట అరిగి మిగిలిన రూపం.

ఈ నవలను నల్లమందు వ్యాపారం మీద రాసిన నవలగా చదవడం పరిపాటి. ఆ చదువు తప్పు కాదు. కార్ఖానా వర్ణన చాలు అందుకు సాక్ష్యం. నడుములోతు నల్లమందులో నిలబడి తొక్కే మనుషులు, ఆ కాలువ నీరు తాగి మందగించి కూర్చున్న కోతులు, గోధుమ పండించడం మానేసినందువల్ల ఇంటి కప్పుకు గడ్డి దొరకని రైతులు, ఇవన్నీ ఒకసారి చదివితే మరచిపోలేం. కాని నేను ఈ వ్యాసంలో మరొక దారి పట్టదలచాను. దీతీ రెండు రద్దు చట్టాల మధ్య నిలబడిన మనిషి. బెంటింక్ ప్రభుత్వం బెంగాల్ ప్రెసిడెన్సీలో సహగమనాన్ని 1829 డిసెంబరులో నిషేధించింది. బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని 1833లో రద్దు చేసింది. ఆ చట్టం 1834 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. మొదటి చట్టం ఆమె ఊరిదాకా నడిచి రాలేదు. రెండవది ఈస్టిండియా కంపెనీ పాలించే ప్రాంతాలను మినహాయించింది కనుక ఆమె ఊరికి వర్తించనే లేదు. భారతదేశంలో బానిసత్వాన్ని న్యాయస్థానాలు గుర్తించరాదన్న చట్టం 1843లో గాని రాలేదు. రెండు గొప్ప రద్దులు జరిగిన దేశంలో, ఆ రెండూ తప్పిపోయిన స్త్రీ ఆమె. ఈ నవల బలమంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

మొదట ఓడ సంగతి. ఐబిస్ బానిసలను మోయడానికి కట్టిన ఓడ. ఆఫ్రికా బానిస వ్యాపారం సాగని కాలం రావడంతో బర్నమ్ అనే కలకత్తా వర్తకుడు దానిని కొంటాడు. మనుషులను కుక్కిన అడుగుభాగం అలాగే ఉంటుంది. లోపలికి వెళ్ళేవారు మాత్రమే మారతారు. ఈ మార్పును బర్నమ్ ఒకచోట స్వేచ్ఛ పేరు చెప్పి, దేవుడి పేరు చెప్పి సమర్థిస్తాడు. ఆఫ్రికావారికి దొరికిన ‘భాగ్యం’ ఇక ఆసియావారికి దక్కబోతున్నదన్న ధోరణి అతనిది. చదివేవారికి నవ్వు వస్తుంది, వెంటనే ఆగిపోతుంది. ఎందుకంటే చరిత్రలోని లెక్క ఇంతకన్నా వింతగా ఉంది. 1833 చట్టం ప్రకారం నష్టపరిహారంగా కేటాయించిన 2 కోట్ల పౌండ్లు వెళ్ళింది బానిసల యజమానులకు. బానిసలకు దమ్మిడీ లేదు. మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న ముగిసింది. కాని అంతకు మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తానుండి వచ్చిన కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. పాత తలుపు పూర్తిగా మూయకముందే కొత్త తలుపు తెరిచారు.

ఈ ఓడమీద జకరీ రీడ్ అనే యువకుడు ఉన్నాడు. బాల్టిమోరులో బానిసత్వంనుండి విడుదలైన తల్లికి, తెల్ల తండ్రికి పుట్టినవాడు. చూడటానికి తెల్లవాడిలాగే ఉంటాడు. అమెరికాలో బానిసత్వ నిర్మూలనకు గొంతుగా నిలిచిన ఫ్రెడరిక్ డగ్లస్ యౌవనంలో బాల్టిమోరు ఓడల కార్ఖానాలో పనిచేస్తూ తెల్ల వడ్రంగుల చేతిలో దెబ్బలు తిన్నాడు. ఆ సంగతి 1845లో ప్రచురించిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఘోష్ తన జకరీని అదే కార్ఖానాలో నిలబెట్టి, ఆ దెబ్బలకు సాక్షిని చేశాడు. నిర్మూలనోద్యమం ఈ నవలలోకి ప్రవేశించే సన్నని ద్వారం ఇదొక్కటే అనవచ్చు. ఆ తరువాత జరిగేది గమనించండి. ఓడ సిబ్బంది పట్టికలో జకరీ పేరు పక్కన ‘నల్లవాడు’ అని రాసి ఉంటుంది. బర్నమ్ గుమాస్తా నబకృష్ణబాబు దాన్ని చూసి, ఇతడు సాక్షాత్తు నల్లనయ్య, కృష్ణుడి అంశ అని నమ్ముతాడు. ఒక దేశంలో మనిషిని అమ్మడానికి సరిపోయే మాట మరొక దేశంలో దండం పెట్టడానికి పనికివచ్చింది. దీనిని హాస్యం కోసం పెట్టిన సంఘటన అని చాలామంది దాటిపోతారు. నవల మొత్తంలో నాకు అత్యంత లోతుగా కనిపించిన సంఘటనల్లో ఇదొకటి. అదే కాగితం తర్వాత ఒక దుర్మార్గుడైన అధికారి చేతిలో బెదిరింపు పత్రమవుతుంది కూడా.

ఇక వితంతువు సంగతి. ఇక్కడ మన సాహిత్యం గుర్తుకు రాక మానదు. కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరులో. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయి, తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. అందులోని బుచ్చమ్మను తలచుకోండి. ఆమెను గిరీశం తీసుకుపోతాడు, సౌజన్యారావు పంతులు పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. బుచ్చమ్మ చేతులు మారుతుంది. గురజాడకు ఆ సంగతి తెలుసు, అందుకే నాటకంలో ఆ నవ్వు వెనుక అంత చేదు. మన సంస్కరణ సాహిత్యంలో వితంతువు ప్రశ్న ఎక్కువగా ‘ఈమెను ఎవరు ఆదుకోవాలి’ అన్న రూపంలో ఉంటుంది.

దీతీ కూడా మొదట ఎత్తుకుపోబడిన మనిషే. స్పృహలేని స్థితిలో చితిమీదినుండి దిగింది. కాని ఆ రాత్రి గడిచాక ఆమెను ఏ పంతులూ ఆదుకోడు. ఏటి ఒడ్డున అడవిపూలు ఏరి రెండు దండలు కట్టినది ఆమె. ఒకటి కలువా మెడలో వేసినది ఆమె. ఈ పెళ్ళికి పురోహితుడు లేడు, సంస్కర్త లేడు, పత్రికలో వార్త లేదు. అదితి అనే తన అసలు పేరును మళ్ళీ తీసుకుంటుంది. అంతవరకు కబూత్రీ తల్లిగా పిలిపించుకున్న మనిషి అది. వితంతువుకు కొత్త భర్త దొరకడం కన్నా పాత పేరు దొరకడం పెద్ద సంఘటనగా రచయిత చూపించాడు. ఇది మామూలు ప్రణయ నవలాకారుడికి తట్టే ఆలోచన కాదు.

ఇంత మెచ్చుకున్నాక నా అభ్యంతరాలు చెప్పాలి. మొదటిది కలువా. అతడు మహాకాయుడు, మితభాషి, నిజాయితీపరుడు, బలశాలి. అంతే. ఊరి భూస్వాములు అతడిని వినోదంకోసం అమానుషంగా అవమానించిన రాత్రి దీతీ చాటునుండి చూసి, తర్వాత అతడికి సేవ చేస్తుంది. ఆ దృశ్యం భయంకరంగా, గొప్పగా రాశాడు. కాని అవమానపడినవాడి మనసులో ఏమున్నదో చెప్పడు. చూసినదాని మనసు చెబుతాడు. నవల పొడవునా కలువాకు శరీరం ఉంది, మాట లేదు. అగ్రకులపు స్త్రీ అట్టడుగు కులపు పురుషుని ప్రేమించే కథల్లో పురుషుడిని ఇలా కొండలాగా నిలబెట్టి మౌనంగా ఉంచడం పాత పద్ధతి. రాజా నీల్ రతన్ జైలుపాలై కులం పోగొట్టుకున్నప్పుడు అతడి ప్రతి ఆలోచననూ పుటలకొద్దీ వినిపించిన రచయిత, పోగొట్టుకోవడానికి కులగౌరవమే లేని కలువాకు కనీసం పది వాక్యాల లోపలి మాట ఇవ్వవలసింది.

రెండవది కబూత్రీ. దీతీ కూతురిని బంధువుల ఇంట విడిచి వెళుతుంది. తీసుకుపోవడానికి వీలు లేదన్నది నిజమే. ప్రణయ కథ నడవాలంటే బిడ్డ అడ్డం, అందువల్ల కథకుడు ఆ బిడ్డను ముందే జాగ్రత్తగా దూరం చేశాడన్న అనుమానం మాత్రం నన్ను వదలలేదు. బానిసల ఆత్మకథలన్నింటిలోను తల్లీబిడ్డల ఎడబాటే అన్నిటికన్నా పెద్ద గాయం. ఇక్కడ ఆ గాయం ఉంది కాని, ఓడ కదిలాక రక్తం తక్కువగా కారుతుంది.

మూడవది చరిత్రకు సంబంధించినది. 1838 మామూలు సంవత్సరం కాదు. ఆ ఏడాది జనవరిలో విట్బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తానుండి బ్రిటిష్ గయానాకు మొదటిసారి కూలీలను తీసుకుపోయాయి. లండనులో నిర్మూలనవాదులు ఇది బానిసత్వానికి మారుపేరేనని గొడవ చేశారు. కలకత్తాలోను నిరసన లేచి, అదే ఏడాది విచారణ సంఘం ఏర్పడింది. 1840 నాటి నివేదికలో సంఘంలోని ఎక్కువమంది ఈ వ్యాపారాన్ని ఖండించారు. ఈలోగా 1839లో కూలీల ఎగుమతిని కొంతకాలం ఆపివేశారు కూడా. మారిషస్‌కు మళ్ళీ దారి తెరిచినది 1842 చట్టం. అంటే ఐబిస్ బయలుదేరిన వేళకు ఆ ఓడ బయలుదేరవచ్చునా అన్న వాదం ఊరిలోనే నడుస్తున్నది. నవలలోని కలకత్తాలో ఆ వాదానికి పాత్ర అనదగిన స్థానం లేదు. దీతీ చెవిన పడకపోవడం సహజం. చదువుకున్న నీల్ చెవినో, ఫ్రెంచి పిల్ల పౌలెట్ చెవినో గట్టిగా పడి ఉంటే నవల మరింత చిక్కబడేది. రచయిత తరఫున ఒక మాట చెప్పవచ్చు: ఉద్యమకారుడిని తెచ్చి ఉంటే వితంతువు మళ్ళీ ఒకరి చేతిలోకి వెళ్ళేది. ఆ ప్రమాదం తప్పించుకోవడానికి ఇంత వెల చెల్లించాడనుకోవాలి.

ఓడ ఎక్కిన తర్వాతి భాగం నవలకు గుండెకాయ. అక్కడ దీతీని అందరూ ‘భౌజీ’ అంటారు. అంటే మన వదిన. ఎవరి వదినో ఎవరికీ తెలియదు. అందరికీ వదిన. ఒకే ఓడలో ప్రయాణించినవారు జహాజ్‌భాయి, జహాజ్‌బహెన్ అవుతారు. ఓడవరసన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఇది కల్పన కాదు, గిర్మిటియాలు వెళ్ళిన దీవుల్లో తరాలపాటు నిలిచిన నిజమైన చుట్టరికం. అయితే రచయిత ఇక్కడ కలలో తేలిపోలేదు. ఓడమీద సుబేదారుగా ఉన్న భైరోసింగ్ దీతీ అత్తవారి చుట్టం. ఆమెను గుర్తుపడతాడు. కులం ఓడ ఎక్కకముందే పైన కాచుకుని ఉన్నదన్నమాట. కలువాకు అరవై కొరడాదెబ్బలు విధిస్తే జకరీ అడ్డు చెబుతాడు. కెప్టెను ఒప్పుకోడు. పెళ్ళి, కులం విషయంలో నాటి పెద్దమనుషుల కట్టును తెల్లవాళ్ళు కాపాడతారనీ, దానిమీదే తమ పాలన నిలబడి ఉన్నదనీ అతని వాదన సారాంశం. సతిని నిషేధించి, బానిసత్వాన్ని రద్దు చేశామని చెప్పుకునే రాజ్యం నడిసముద్రంలో, ఊరి పంచాయతీకి కూడా చేతకాని పనిని చేసిపెడుతుంది. రెండు రద్దుల అసలు విలువ ఎంతో తేలేది ఈ ఘట్టంలోనే. దీతీ ఏ అర్జీమీదా సంతకం చేయలేదు, ఏ సభలోను కూర్చోలేదు. ఆమె అడుగుభాగంలో ఉన్నవారికి పాటలు నేర్పింది, గొడవలు తీర్చింది, ఒక అమ్మాయికోసం ఒంటరిగా సుబేదారు గదికి వెళ్ళింది. ఇదే ఆమె నిర్మూలనోద్యమం.

భాష గురించి నాలుగు మాటలు. ఘోష్ ఆంగ్లంలో భోజ్‌పురీ, బెంగాలీ, ఓడపనివాళ్ళ కలగాపులగపు మాట అన్నీ దొర్లుతాయి. థామస్ రోబక్ 1811లో కూర్చిన నౌకా నిఘంటువువంటి పాత పుస్తకాలనుండి తీసిన మాటలు అర్థం చెప్పకుండానే వాడతాడు. ఆంగ్ల పాఠకులు కొందరు దీనికి విసుక్కున్నారు. మనకు అంత విసుగు రాకూడదు. అతని ‘సెరాంగ్’ మన గోదావరి లాంచీల సరంగే. ‘ఖలాసీ’ మన కళాసీ. ‘టిండల్’ అనే మాట చూడగానే శ్రీకాకుళం బెస్తల తండేలు గుర్తుకు రావాలి, రెండూ ఒక గూటివే. బరంపురంలోనో, హోసూరులోనో, షోలాపూరులోనో పుట్టి, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడి పెరిగిన మన విద్యార్థికి ఈ నవల భాష కోస్తా జిల్లాల విద్యార్థికన్నా తేలికగా లొంగుతుందని నా అనుభవం. ఇంట్లో మాట కలగలుపైనందుకు సిగ్గుపడే పిల్లలు దీనిని చదివి కొంచెం ధైర్యం తెచ్చుకోవడం తరగతిలో చూశాను.

యానాం విద్యార్థులకు మరొక కారణం ఉంది. ఒప్పందకూలీల కథ గంగాతీరంలోనే మొదలు కాలేదు. 1828లో యానాంనుండి కొద్దిమంది తెలుగువారిని ఫ్రెంచివారి బూర్బన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, ఒప్పందం మీద తీసుకువెళ్ళారు. ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వాన్ని తుదిసారి రద్దు చేసినది 1848లో. అనగా ఆ తెలుగు కూలీలు దిగిన నాటికి ఆ చెరకుతోటల్లో బానిసలు ఇంకా బానిసలుగానే ఉన్నారు. బానిసత్వం పోయాక కూలీ వచ్చాడన్న వరుస అక్కడ చెల్లదు. ఇద్దరూ పక్కపక్కన పని చేశారు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవునుండి మారిషస్‌కు వెళ్ళినవారి మూలాన ఆ దీవిలో తెలుగువారికే ‘కొరంగీలు’ అన్న పేరు పడింది. కోరంగిని 1839 నవంబరు తుపాను ఊడ్చేసింది. రేవు పోయినా పేరు సముద్రం అవతల మిగిలింది. దీతీకి గాజీపూరు ఎటువంటిదో ఆ మనుషులకు కోరంగి అటువంటిది. ఘోష్ ఓడమీద వారు కనబడరు, అతడు ఎన్నుకున్నది గంగ దారి. కనుక ఈ నవలను చదివేటప్పుడు పక్కన మరొక ఓడ నడుస్తున్నట్టు ఊహించుకోవడం మన వంతు.

నవల ముగింపు చాలామందికి నచ్చదు. కలువా కొరడాతోనే భైరోసింగును చంపుతాడు. ఉరి తప్పించుకుని, తుపాను రాత్రి మరి నలుగురితో పడవమీద పారిపోతాడు. దీతీ ఓడమీద నిలబడి చూస్తుంది. కథ అక్కడ తెగిపోతుంది. ప్రణయనవల చదివే ఆశతో వచ్చినవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. పెళ్ళాడిన రెండవ భర్త కూడా నీళ్ళపాలు, కడుపులో బిడ్డ, చేతిలో గిర్మిట్ కాగితం. నాకు మాత్రం ఇంతకన్నా మరో ముగింపు తోచదు. జంటను కలిపి ఒడ్డున దించి ఉంటే ఆ ఓడ మంచి ఓడ అయిపోయేది.

ఆమె ఎక్కడ దిగిందో రెండవ నవల మొదట్లో తెలుస్తుంది. మారిషస్ నైరుతి కొసన లె మోర్న్ అనే కొండ ఉంది. తోటలనుండి పారిపోయిన బానిసలు దాని గుహల్లో తలదాచుకునేవారు. 1835లో విడుదల కబురు చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని వారు కొండమీదినుండి దూకి చనిపోయారని అక్కడి క్రియోల్ జనం చెప్పుకుంటారు. రద్దు వార్త చేరే తీరు ఒక్కోసారి అలా ఉంటుంది. యునెస్కో 2008లో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. ‘సీ ఆఫ్ పాపీస్’ వెలువడినదీ ఆ సంవత్సరమే. ముసలిదైన దీతీ తన దేవుడిగూడును పెట్టుకున్నది ఆ కొండ గుహలోనే. ఏటా కొడుకులు, కోడళ్ళు, మనుమలు పల్లకీలాంటి కుర్చీలో ఆమెను పైకి మోసుకుపోతారు. గోడలమీద తాను చూసినవారందరి బొమ్మలూ వేసి ఉంటాయి. వాటిలో తుపాను రాత్రి పడవ ఎక్కిన అయిదుగురూ ఉన్నారు. మొదటి నవల ముగించి విసుగుతో పుస్తకం మూసినవారు రెండవదానిలోని ఆ పదిపదిహేను పుటలైనా తెరిచి చదవాలి.